గిన్నప్ప మీద పుదీనా

నక్కలగుట్టల రెండో అంతస్తు.
లిఫ్టు ఎక్కనన్నది అమ్మ,
మెట్లు లెక్కబెట్టుకుంట వచ్చింది: ముప్పై నాలుగు.
తలుపు పక్కన నిలువెత్తు అట్టబొమ్మ,
టీవీల పొద్దుగాల కూరలు తిప్పే వంటాయన
చేతులు కట్టుకోని నవ్వుతాండు.
సదన్న బిడ్డ ఆ అట్ట నడుముకు చెయ్యేసి ఫోటో దిగింది.
"మనిషి లేడా?" అన్నడు నాయిన.
"హైదరాబాదుల ఉంటడట. ఏడాదికి రెండుసార్లు వస్తడట."
"మరి వండేదెవలు?"

వండేది పిల్లలు.
ఇల్లు విడిచినోళ్లు, ఇల్లే లేనోళ్లు,
రైలు డబ్బాలల్ల సీసాలు ఏరినోళ్లు.
లాభమంత వాళ్ల చదువుకేనని
మెనూ మొదటి పేజీల బంగారు అక్షరాలు.
నాకు ఏరియర్స్ పడ్డయి,
ఎంజీఎంల రాత్రి డ్యూటీల పైసలు.
మంచి పనికి మంచి తిండనుకోని
అందర్ని తోలుకొచ్చిన.

నీళ్లు పోసిన పిలగాని ఛాతి మీద బిళ్ల:
భూక్య వినేశ్. కింద చిన్నగ, నేర్చుకుంటున్న.
జగ్గును రెండు చేతులతోటి పట్టిండు
పసిపిల్లను పట్టినట్టు.
అమ్మ ఆ చేతులనే చూస్తాంది.

అమ్మ సంగతి చెప్పాలె.
ఇరవై ఒక్క ఏండ్లు
ఘన్‌పూర్ బడిల పొయ్యి ముంగట.
నూటా ఎనభై మంది, ఒక గంజు, తడిసిన కట్టెలు.
బిల్లులు ఆరునెల్లకోసారి వస్తయి, కొన్నిసార్లు రావు.
గుడ్ల దుకాణపాయన దగ్గర
కమ్మలు కుదువ పెట్టిన ముచ్చట
మాకు తెల్వదనుకుంటది.

గిన్నప్ప వచ్చింది.
అరచేతంత. నల్లరాతి పలక మీద. పైన పుదీనా ఆకు.
అమ్మ ఆ ఆకును ఈగను తీసినట్టు తీసి పక్కన పెట్టింది.
వేలుతోటి నడుమ తడిమింది.
"తూట్లు పెట్టలే. నూనె ఎట్ల దిగుతది?"
అయినా తిన్నది, అంచు దాంక.

పిల్ల మెనూ చదివి వినిపిస్తాంది:
చిన్నప్పుడు నాయనమ్మ పొయ్యి కాడ కూసోని
ఆయన ఇవన్ని నేర్చుకున్నడట,
గిన్నప్పల ప్రతి నువ్వుగింజ ఆమెదేనట.
"ఆ ముసలమ్మ పేరేందట?"
పిల్ల పేజీ తిప్పింది. వెనుకకు తిప్పింది.
ఫోన్ నంబరున్నది, జీఎస్టీ నంబరున్నది.

పచ్చిపులుసు పోస్తుంటే గంటె జారింది.
నాయిన తెల్లంగి మీద చింతపండు చార,
ఉల్లిగడ్డ ముక్కలు, ఒక కల్యమాకు.
పిలగాడు కదలలే.
దెబ్బ కోసం ఎదురుచూసే ఒళ్లు ఎట్ల బిగుసుకుంటదో
వార్డుల మస్తుసార్లు చూసిన నేను.
కోటేసుకున్న మేనేజరు అటునుంచి వస్తాండు.
"నా మోచెయ్యి తాకింది సారూ,"
ఆయన నోరు తెరువకముందే అన్నది అమ్మ.
మోచెయ్యి ఆమె ఒళ్లెనే ఉన్నది.
మెతుకు పారబోస్తే ఊకోని నాయిన
అంగిని ఒకసారి చూసుకోని
"పులుసు మంచిగనే ఉన్నది" అన్నడు.

మేనేజరు పోయినంక వాన్ని దగ్గరికి పిలిచింది.
"గంటె కొసకు పట్టకు బిడ్డా.
మెడ కాడ పట్టు. మిగిలింది బరువే చూసుకుంటది."
వాడు పట్టిండు. ఈసారి ఒక్క చుక్క పడలే.
ఎవ్వలం ఏమనలే, అన్నం కలుపుకున్నం.

ఆఖరికి ఒక చీటీ తెచ్చిండ్రు,
నక్షత్రాలు దిద్దాలెనట.
ఐదు దిద్దబోతే అమ్మ నా చెయ్యి పట్టుకున్నది.
"నాలుగు. ఉప్పు జర తక్కువ.
ఇంకోటి రాయి, ముసలమ్మ పేరు పెట్టుండ్రి అని."
రాసిన.

"ఎంతయింది?"
ఆటోల, ఫాతిమానగర్ బ్రిడ్జి మీద అడిగింది.
రెండు వేల మూడొందల నలభై.
"ఎనిమిదొందలు" అన్న.
కొంగు మీద ఆమె వేళ్లు కదులుతున్నయి.
నాకు తెలుసు ఆ లెక్క,
ఎనిమిదొందలకు ఎన్ని గుడ్లు, ఎన్ని పళ్లాలు.
నేను ఇంకో అబద్ధం తయారుజేసుకుంటాన్న.
అమ్మ బయటికి చూసుకుంట
వేరేదన్నది:
"రెండున్నర దాటింది గదనే.
ఆ పిలగాడు తిన్నడో లేదో
మనం అడుగనే లేదు."